సీటు వస్తుందంటారా?

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగారు. పల్నాటి చరిత్ర అనగానే బ్రహ్మనాయుడు, నాగమ్మ, కారంపూడి అందరి మనసులోనూ మెదులుతాయి. వాటి గురించి సాధికారంగా రాయగలవారు మన సంఘంలోనే ఉన్నారు. నేను రెవెన్యూలో గుమాస్తాగా చేరి, ఒకటి రెండు మెట్లెక్కి, 2008లో రిటైరైనవాణ్ణి. కనుక నా బల్ల మీదుగా నడిచిన చరిత్రే రాస్తాను.

మన పిల్లలు డాక్టరు, ఇంజనీరు చదువులకు పోవడానికి ఏ కాలంలో ఏ లెక్క ఉండేది, సీటు వస్తుందో రాదో ముందుగా ఎట్లా అంచనా వేసుకునేవాళ్ళు అన్నది విషయం. దీనికీ గుమాస్తాకూ సంబంధమేమిటని అడగవచ్చు. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, నివాస ధ్రువపత్రం మా దగ్గరే కదా పుట్టేవి! మే నుంచి ఆగస్టు దాకా నరసరావుపేటలోగానీ, గురజాలలోగానీ, మాచర్లలోగానీ నా బల్ల ముందు తల్లిదండ్రుల వరుస తరిగేది కాదు. కాగితం మీద స్టాంపు పడ్డాక ప్రతివాళ్ళూ ఒక్క నిమిషం ఆగి అదే మాట అడిగేవారు. "మావాడికి సీటు వస్తుందంటారా?"

ముందు నా సంగతి చెబుతాను. నేను 1966లో ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసై, నరసరావుపేట ఎస్.ఎస్.ఎన్. కాలేజీలో పి.యు.సి. చదివాను. 1950లో ఆ కాలేజీ పెట్టి ఉండకపోతే ఆ మాత్రం చదువుకూ గుంటూరు పోవలసి వచ్చేది. ఆ రోజుల్లో గుంటూరు మెడికల్ కాలేజీ (1946), విశాఖ మెడికల్ కాలేజీ (1923), కాకినాడ ఇంజనీరింగు కాలేజీ, ఇట్లా వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే ఉండేవి. మా లెక్చరరుగారు మార్కుల పట్టీ చూసి "నీకెందుకురా, గ్రూప్ ఫోర్ రాసుకో" అన్నారు. అంచనా అంతే. ఏ ఆధారంతో అన్నారో నాకు తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. అయినా గ్రూప్ ఫోర్ రాసుకుని బతికాను, ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు.

మా నాన్నగారి తరంలో లెక్క ఇంకా వేరు. గుంటూరు జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉంది. మెడికల్, ఇంజనీరింగు కాలేజీల్లో ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకూ దేశీయ క్రైస్తవులకూ కలిపి 1, ముస్లింలకు 1 అని ప్రభుత్వ ఉత్తర్వు ఉండేది. దీన్నే కమ్యూనల్ జి.ఓ. అనేవారు. 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. రెండు నెలలు తిరక్కుండా పార్లమెంటు మొదటి రాజ్యాంగ సవరణ చేసి 15(4) అధికరణం చేర్చింది. ఇవాళ మనం చూస్తున్న కాలేజీ సీట్ల రిజర్వేషన్లలో చాలావాటికి ఆ నాలుగో క్లాజే ఆధారం. అంటే గణతంత్ర రాజ్యాంగానికి జరిగిన మొట్టమొదటి సవరణలో ఒక ముఖ్య భాగం కాలేజీ సీటు తగాదా నుంచి వచ్చిందే. మనవాళ్ళు సీటు కోసం అంత ఆదుర్దా పడతారెందుకని ఎవరైనా నవ్వితే ఈ సంగతి చెప్పండి.

మార్కులు, దాని పైన ఇంటర్వ్యూ అనే పద్ధతి చాలా చోట్ల చాలా కాలం నడిచింది. ఇంటర్వ్యూ ఉన్నచోట మన పల్లెటూరి పిల్లల పని అయిపోయినట్లే. 1980 నవంబరులో శ్రీనగర్ రీజినల్ ఇంజనీరింగు కాలేజీ కేసులో సుప్రీంకోర్టు, మౌఖిక పరీక్షకు నూటికి 15 మార్కులకు మించి పెట్టడం అన్యాయమని తేల్చింది. మన రాష్ట్రంలో మెడికల్ సీట్లకు ప్రవేశ పరీక్ష పెట్టడాన్ని అంతకు ముందే, 1971లోనే, అదే కోర్టు సమర్థించింది. ఇక్కడ నుంచి చుట్టరికం బదులు అంకె వచ్చింది. అంకె వచ్చాక లెక్క వేయడం కూడా వచ్చింది.

కానీ ఆ లెక్క సులువైనది కాదు. 1972-73 ఉద్యమం తర్వాత ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాని వెంట 32వ రాజ్యాంగ సవరణ, 371-డి అధికరణం, 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. రాష్ట్రం ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర అని మూడు యూనివర్సిటీల ప్రాంతాలయింది. ఏ ప్రాంతంలో కాలేజీ ఉంటే ఆ ప్రాంతం వాళ్ళకు నూటికి 85 సీట్లు. రాష్ట్రస్థాయి సంస్థలైతే 42, 36, 22 నిష్పత్తిలో ఆంధ్రకు, తెలంగాణకు, రాయలసీమకు పంచాలి. మన గుంటూరు జిల్లా ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం. నెల్లూరు మాత్రం శ్రీవేంకటేశ్వర కిందికి పోయింది.

ఇక "లోకల్" అంటే పుట్టిన ఊరు అనుకునేవారు మనవాళ్ళు. మా ముత్తాతల నుంచీ దుర్గి వాళ్ళమే కదా అని వాదించేవారు. ఉత్తర్వులో పుట్టుక ప్రసక్తే లేదు. పరీక్ష రాసిన సంవత్సరంతో కలిపి వరసగా 4 ఏళ్ళు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. అది కుదరకపోతే చివరి 7 ఏళ్ళలో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడ. పదో తరగతి దాకా పేటలో చదివి ఇంటర్ నెల్లూరులో చదివిన పిల్లవాడు హడలిపోయి వచ్చేవాడు. 7 ఏళ్ళలో 5 ఏళ్ళు ఇక్కడివే కనుక నీకు భయం లేదని చెప్పి పంపేవాణ్ణి.

సాగర్ డ్యాము దగ్గర ఈ రూలు ఎంత పని చేసిందో చూశాను. డ్యాముకు ఇవతల విజయపురి సౌత్ అప్పట్లో గుంటూరు జిల్లా, అవతల హిల్ కాలనీ నల్గొండ జిల్లా. మాచర్ల ప్రాంతానికి చెందిన అన్నదమ్ముల పిల్లలు ఇద్దరు ఒకే ఏడు ఎంసెట్ మెడిసిన్ రాశారు. ఒకడి తండ్రి డ్యాము మీద ఉద్యోగి, క్వార్టరు అవతలి ఒడ్డున. వాడు ఎనిమిది నుంచి అక్కడే చదివాడు. రెండోవాడు మాచర్లలోనే చదివాడు. ర్యాంకుల తేడా వంద కూడా లేదు, అదీ మాచర్లవాడే ముందు. సీటు వచ్చింది హిల్ కాలనీవాడికి. ఆ తాతగారు మా ఆఫీసుకు వచ్చి, "ఒకే కంచంలో తిన్నవాళ్ళు గదయ్యా, కృష్ణ ఎట్లా విడదీసింది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు, జి.ఓ. నంబరు మాత్రం ఉంది.

ఎంసెట్ 1986 నుంచి వచ్చింది. ర్యాంకు అనే మాట మన పల్లెల్లో ఇంటి మాటైపోయింది. సాగర్ కుడికాలువకు 1967లో నీళ్ళు వదిలాక, జొన్న, సజ్జ పండే నేలల్లో వరి, మిరప, పత్తి వచ్చి చేతిలో నాలుగు డబ్బులాడాయి. ఆ డబ్బు గుంటూరు కోచింగు గదుల అద్దెల్లోకి పోయింది. తప్పు పట్టడం లేదు, నేనూ నా పెద్దమ్మాయిని పంపాను. విజయపురి సౌత్‌లో ప్రభుత్వ గురుకుల జూనియర్ కాలేజీ మన నేల మీదే ఉన్నా, అందులో చేరాలంటే పోటీపడి పరీక్ష నెగ్గాలి. ఐ.ఐ.టి. కావాలనేవాళ్ళు హైదరాబాదు నల్లకుంటలో చుక్కా రామయ్యగారి దగ్గరకు పోయేవాళ్ళు. ఆయన కూడా పరీక్ష పెట్టే చేర్చుకునేవారు. ఐ.ఐ.టి. సీటు కన్నా రామయ్యగారి దగ్గర సీటే కష్టమని అప్పట్లో వేడుకగా అనేవారు. వేడుక మాటే అయినా అందులో నిజముంది. అంచనా వేసే పని అక్కడే, మొదటి గుమ్మం దగ్గరే అయిపోయేది.

నేను ఒక లాంగు సైజు నోటుబుక్కు పెట్టాను. పేపర్లలో పడే లాస్టు ర్యాంకులు, అంటే ముందటి ఏడాది ఏ కాలేజీలో ఏ ర్యాంకు దగ్గర సీట్లు ఆగిపోయాయో, అందులో ఎక్కించేవాణ్ణి. ఒక్క కాలేజీకి ఒక్క అంకె చాలదు. బ్రాంచికొకటి. దానిలో ఓ.సి., బి.సి. ఎ, బి, సి, డి, ఎస్.సి., ఎస్.టి. అని ఏడు గళ్ళు. ఆడపిల్లలకు మూడో వంతు సీట్లు కనుక ఏడూ పద్నాలుగు. 2000లో ఎస్.సి. వర్గీకరణ చట్టం వచ్చి ఒక గడి నాలుగైంది. 2004 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేస్తే మళ్ళీ ఒకటైంది. (2024 ఆగస్టులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది.) 2007లో బి.సి. ఇ వచ్చింది. ఇది కాక 1993లో ఉన్నికృష్ణన్ తీర్పుతో ఫ్రీ సీటు, పేమెంటు సీటు అని ప్రైవేటు కాలేజీలో రెండు లాస్టు ర్యాంకులు వచ్చాయి. స్కేలు పెట్టి గీతలు గీసి గీసి నా చూపుడువేలికి కాయ కాసింది. ఆఫీసులో నన్ను "లాస్టు ర్యాంకు గుమాస్తా" అనేవారు. పక్క మండలాల నుంచి కూడా మనుషులు వచ్చేవారు. నాకూ కొంచెం గర్వంగా ఉండేదని ఒప్పుకుంటాను.

ఇప్పుడు 1998 సంగతి రాయాలి. ఇన్నేళ్ళు ఎక్కడా చెప్పలేదు.

మా అటెండరు కొడుకు ఆ ఏడు ఎంసెట్ ఇంజనీరింగు రాశాడు. కోచింగు లేదు, సర్కారు కాలేజీలో ఇంటర్, రాత్రిళ్ళు గుడి మంటపంలో లైటు కింద చదువు. ర్యాంకు కార్డు పట్టుకుని తండ్రీ కొడుకూ సాయంత్రం అయిదు దాటాక నా దగ్గరకు వచ్చారు. నేను పుస్తకం తీశాను. ఫీజు కట్టలేరు కనుక ప్రభుత్వ కాలేజీ ఒక్కటే దారి. వాళ్ళ కేటగిరీలో, ముందటి ఏడాది, ఆ కాలేజీలో చివరి సీటు పోయిన ర్యాంకుకు ఈ పిల్లవాడు నూట ముప్ఫై వెనక ఉన్నాడు.

"ఏమంటారు సార్? హైదరాబాదు పోయి రమ్మంటారా?" అన్నాడు అటెండరు.

"ఎందుకయ్యా దండగ? ఇద్దరికీ బస్సు చార్జీలు, అక్కడ రెండు రోజుల తిండి. బి.ఎస్సీ.లో చేర్పించు, అడ్మిషన్లు అయిపోతాయి" అన్నాను.

పుస్తకంలో ఉంది కదా అని అన్నాను. వాళ్ళు కౌన్సెలింగుకు పోలేదు. కుర్రవాడు బి.ఎస్సీ.లో చేరాడు.

మరుసటి ఏడు పేపర్లో కొత్త లాస్టు ర్యాంకులు పడ్డాయి. మామూలుగా గళ్ళు నింపుతూ ఆ కాలేజీ దగ్గరకు వచ్చాను. సివిల్ ఇంజనీరింగులో చివరి సీటు ఆ పిల్లవాడి ర్యాంకు దాటి చాలా వెనక్కి పోయింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఎందుకిట్లా అయిందని ఆలోచిస్తే తేలిగ్గానే తెలిసింది. ఆ రెండేళ్ళలో ప్రైవేటు కాలేజీలు గబగబా వచ్చాయి. కంప్యూటర్ల మోజు అప్పుడే పట్టుకుంది. ముందున్న ర్యాంకుల వాళ్ళు ప్రభుత్వ కాలేజీలో సివిల్, మెకానికల్ కాదని డబ్బు కట్టి ప్రైవేటులో కంప్యూటర్ సైన్సుకు పోయారు. ఖాళీలు వెనక్కి జరిగాయి.

కోటప్పకొండ తిరునాళ్ళ క్యూలో నిలబడ్డవాళ్ళకు ఇది అర్థమవుతుంది. మీ ముందు ఎంతమంది ఉన్నారన్నది ఒక లెక్క. వాళ్ళలో ఎంతమంది ఎండకు తాళలేక పక్కకు తప్పుకుంటారన్నది రెండో లెక్క. తలుపులు ఎంతసేపు తెరిచి ఉంచుతారన్నది మూడోది. నా పుస్తకంలో మొదటి లెక్కే ఉంది. ముందున్నవాళ్ళు ఐ.ఐ.టి.కి పోతారు, వరంగల్ ఆర్.ఇ.సి.కి పోతారు, మెడిసిన్‌కు పోతారు, కొందరు లాంగ్ టర్మ్ అని ఇంకో ఏడు చదువుతారు. ఇవన్నీ నాకు తెలియనివి కావు. ప్రతి ఏడూ చూస్తూనే ఉన్నాను. అయినా ఆ సాయంత్రం అంకెను చూశానే గాని ఏడాదిని చూడలేదు.

అటెండరుకు ఈ మాట చెప్పలేదు. చెబుదామని రెండు మూడుసార్లు అనుకున్నాను. ఆయన నాకు కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడల్లా గొంతు దాకా వచ్చేది. చెప్పి ఏం ప్రయోజనమని సర్ది చెప్పుకున్నాను. ఆయన 2011లో కాలం చేశారు. పుస్తకం రాయడం మాత్రం ఆపలేదు. అయితే అప్పటి నుంచీ ఎవరడిగినా "పోయి రండి" అనే అన్నాను. కొందరు నా మాట విని పోయి సీటు లేక తిరిగొచ్చి, "మీ మాట నమ్మి ఖర్చు పెట్టుకున్నాం" అన్నారు. పడ్డాను.

తర్వాతి కథ మీకందరికీ తెలిసిందే కనుక క్లుప్తంగా ముగిస్తాను. ఫీజు రీయింబర్సుమెంటు వచ్చాక ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగు కాలేజీలు ఆరు వందలు దాటాయి. క్వాలిఫై అయితే చాలు ఎక్కడో ఒకచోట సీటు ఖాయమనే స్థితి వచ్చింది. అప్పుడు లాస్టు ర్యాంకు పుస్తకానికి పని తగ్గింది. వస్తుందా అని అడగడం మానేసి ఎందులో వస్తుంది అని అడిగారు. 2014లో రాష్ట్రం విడిపోయినా ఉమ్మడి ప్రవేశాలు పదేళ్ళ పాటు సాగాలని విభజన చట్టంలో పెట్టారు. ఆ గడువు 2024 జూన్ 2తో తీరింది. వరంగల్ అటు పోయింది, మనకు 2015లో తాడేపల్లిగూడెం ఎన్.ఐ.టి., తిరుపతి ఐ.ఐ.టి. వచ్చాయి. మెడిసిన్ 2017 నుంచి నీట్ కిందికి పోయింది. 2021లో ఎంసెట్ పేరు కూడా ఈఏపీసెట్ అయింది.

నీట్ గురించి ఒక్క మాట. 2024లో ఫలితాలు ఇచ్చినప్పుడు 67 మందికి 720కి 720 మార్కులు వచ్చాయి. గొడవలయ్యాయి, కోర్టుకెక్కారు, గ్రేసు మార్కులు తీసేశారు, ఒక ప్రశ్నకు జవాబు మార్చారు, చివరకు 17 మంది మిగిలారు. ఆ మరుసటి ఏడు, 2025లో, పేపరు కఠినంగా వచ్చి దేశంలో మొదటి ర్యాంకుకే 686 మార్కులు. ముందటి ఏడాది మార్కులు చూసి ఈ ఏడాది పిల్లను తిట్టిన తల్లిదండ్రులు ఎంతమంది ఉంటారో! సెల్‌ఫోనులో మార్కులు కొడితే కాలేజీ పేరు చెప్పేవి కూడా వచ్చాయి. అవీ నా నోటుబుక్కు లాంటివే, గీతలు గీసే శ్రమ తప్పింది, అంతే.

మా చిన్నమ్మాయి అమెరికాలో ఉంది. మనవడు అక్కడ పెద్ద యూనివర్సిటీలకు దరఖాస్తులు పెడుతున్నాడు. లాస్టు ర్యాంకు ఎంతమ్మా అని అడిగితే, ఇక్కడ అట్లాంటిది ఉండదు నాన్నా అంది. స్కూలు మార్కులు, ఒక పరీక్ష, టీచర్ల ఉత్తరాలు, పిల్లవాడు తన గురించి రాసుకునే వ్యాసం, ఆటలు, సేవ, అన్నీ చూసి వాళ్ళిష్టం వచ్చినట్లు తీసుకుంటారట. హార్వర్డులో నూరు మంది పెడితే అయిదుగురిని కూడా తీసుకోరు. జాతిని పరిగణించి సీటివ్వడం చెల్లదని 2023 జూన్‌లో వాళ్ళ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మనం 1951లో మొదలుపెట్టిన తగాదా వాళ్ళకింకా తెమలలేదు. పిల్లవాడి మంచి చెడ్డలన్నీ చూడటం బాగానే ఉంది గాని, నాకు మా కాలపు ఇంటర్వ్యూ గది గుర్తొచ్చింది. గుడి మంటపంలో చదివినవాడు తన గురించి వ్యాసం ఏమని రాస్తాడు?

మొన్న జూలైలో ఒక ఆదివారం అటెండరుగారి అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. బి.ఎస్సీ. తర్వాత బి.ఇడి. చేసి, డి.ఎస్సీ.లో నెగ్గి, గురజాల వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా ఉన్నాడు. కూతురు ఈఏపీసెట్ రాసింది. ఆన్‌లైనులో ఆప్షన్లు పెట్టడానికి ముందు ఒకసారి మీ పుస్తకం చూద్దామని వచ్చాం బాబాయిగారూ అన్నాడు.

పుస్తకం తెచ్చాను. ఇవ్వబోతూ 1998 పేజీ తీసి, ఇరవై ఏడేళ్ళకు పైగా దాచుకున్న మాట చెప్పాను. మీ నాన్నకు తప్పు చెప్పానయ్యా, నువ్వు పోయి ఉంటే సీటు వచ్చేది అన్నాను.

"తెలుసు బాబాయిగారూ. ఆ మరుసటేడు పేపర్లో నేనూ చూశాను. నాన్నకు చెప్పలేదు. మీకు కాఫీ ఇచ్చే చెయ్యి గదా, వణుకుతుందని" అన్నాడు.

ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. అమ్మాయి మాత్రం తన గొడవలో తనుంది. "తాతయ్యా, నాకు వస్తుందా రాదా, అది చెప్పండి" అంది. చెప్పనన్నాను. మా ఆవిడ దోసెలు పోసిపెడుతుంటే రాత్రి తొమ్మిది దాకా కూర్చుని ఆప్షన్లు రాశాం. కంప్యూటర్ సైన్సు కింద ఎలక్ట్రానిక్సు, దాని కింద మెకానికల్ పెట్టింది. ఇంక చాలంది. వాళ్ళ నాన్న కాగితం తీసుకుని, ఆ ప్రభుత్వ కాలేజీలో సివిల్ కూడా రాయమన్నాడు. రాసింది. ఆఖరి బస్సుకు గురజాల వెళ్ళారు.